రెండిళ్ళ తడి

సత్తిబాబు ఇంట్లో పొద్దున్న ఎనిమిది దాటితే ఎవరూ కింద కాలు పెట్టరు. సత్తిబాబు టీ గ్లాసు పట్టుకుని మంచం ఎక్కేస్తాడు. కూతురు శిరీష జడ వేసుకుంటూ కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుంటుంది. కాసేపటికి వీధి గుమ్మం దగ్గర గచ్చు నల్లబడుతుంది. ముందు అరచందమామలా ఒక తడి. దాని పక్కన ఇంకొకటి. ఎవరో గొంతుక్కూర్చుని వెనక్కి జరుగుతూ తడిగుడ్డ పెడుతున్నట్టు, ఆ తడి గది ఈ కొస నుంచి ఆ కొసకి వచ్చి, మంచం కిందకి దూరి, అవతల తేలి, వంటింటి గడప దగ్గర ఆగుతుంది. ఇల్లంతా మందునీళ్ళ వాసన వేస్తుంది.

"మీ అమ్మ పనిలో దిగింది," అంటాడు సత్తిబాబు.

భూలక్ష్మి కువైట్‌లో ఒకళ్ళింట్లో పని చేస్తుంది. ఆవిడ అక్కడ తడిగుడ్డ పెడితే, రాజోలు దగ్గర శివకోడులో ఉన్న ఆవిడ సొంతిల్లు కూడా తడుస్తుంది. వెళ్ళిన మొదటి వారం నుంచీ అంతే. ఊళ్ళో దాని గురించి ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోలేదు. గ్యాస్ బండ తెచ్చినవాడు గుమ్మం అవతలే నిలబడి, "ఇంకా ఆరలేదా అండీ?" అని అడిగి, బండ అరుగు మీద దింపి పోతాడు. అంతే.

ఆ తడిని చదవడం సత్తిబాబుకి వచ్చు. చంద్రవంకలు దగ్గర దగ్గరగా పడితే భార్య మనసు బాగున్నట్టు. ఎడంగా, గీతలు ఈడ్చుకుంటూ పడితే మోకాళ్ళు నొప్పిగా ఉన్నట్టు. శుక్రవారం అక్కడికి చుట్టాలొస్తారు కాబట్టి ఇక్కడ సాయంత్రం మళ్ళీ తడుస్తుంది. ఆవిడ మొదట పడ్డ ఇల్లు మంచిది కాదు. ఫోను లాక్కుని బీరువాలో పెట్టేసేరు. ఆ రోజుల్లో గచ్చు పొద్దస్తమానం తడుస్తూనే ఉండేది. ఒకరోజు తడి గోడ వారన ముద్దలా పడి అక్కడే ఆగిపోయింది. సత్తిబాబు ఒలుస్తున్న కొబ్బరికాయ పారేసి, బస్సెక్కి రావులపాలెం వెళ్ళి ఏజెంటు కాళ్ళ మీద పడ్డాడు. వాళ్ళు ఇల్లు మార్చేరు.

మార్చిన ఇల్లు మంచిది. ఫోను చేతిలో ఉండనిచ్చేరు. కడుపు నిండా పెట్టేరు. ఇది పోతే మళ్ళీ ఏజెంటు గదిలో పడి ఉండాలి, మళ్ళీ ఎలాంటి ఇల్లు తగులుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ ఇంట్లో ఆవిడ చోటు ఆవిడకి ఉండాలి. శివకోడులో ఈ తండ్రీకూతుళ్ళ బెంగంతా అదే.

గచ్చు ఆరేక శిరీష చెప్పులేసుకుని బస్సుకి పరిగెడుతుంది. తాటిపాక, నగరం, అంబాజీపేట దాటి అమలాపురం. గడియార స్తంభం దగ్గర బట్టల కొట్టు పైన మేడ మీద ఆమె ఆఫీసు. కొత్తపేటవాడు శివప్రసాద్ బెంగుళూరులో చాలాకాలం పని చేసి, తిరిగొచ్చి పెట్టిన కంపెనీ అది. ఇళ్ళు ఊడ్చి తుడిచే రోబోలు వచ్చేయి కదా, భోజనం కంచమంత గుండ్రంగా ఉండి చక్రాల మీద తిరిగేవి. వాటిని ఫోనులోంచి నడిపించే యాప్‌ని సులువు చెయ్యడం వీళ్ళ పని.

పాత యాప్ చదువుకున్నవాళ్ళకే కళ్ళు తిరిగేలా ఉండేది. తెరిస్తే ముందు ఇంటి మ్యాపు గీయమనేది. గదులకి పేర్లు పెట్టమనేది. నీళ్ళు ఎంత, ఊపు ఎంత, ఏ గది ముందు, ఎక్కడికి వెళ్ళకూడదు, ఏ రోజు ఏ వేళకి తుడవాలి, అన్నీ అడిగి, చివరికి అన్నీ ఒప్పుకున్నట్టు ఇంకో బటన్ నొక్కమనేది.

"మిషన్ కొనేది మేడమ్ అండి," అన్నాడు శివప్రసాద్, అందరినీ కూర్చోబెట్టి. "నడిపేదెవరు? మన శివకోడు నుంచో, కాట్రేనికోన నుంచో గల్ఫు వెళ్ళిన ఆడమనిషి. ఆవిడ నొక్కలేకపోతే మిషన్ అటకెక్కుతుంది. అందుకని మనం ఆవిడ కోసం చెయ్యాలండి. ఆవిడ మన అమ్మ అనుకుని చెయ్యండి."

శిరీష అనుకోనక్కర్లేదు. ఆవిడ నిజంగా వాళ్ళ అమ్మే.

సులువంటే ఎవరికి సులువు అని ఆ మేడ మీద అడిగినవాడు ఒక్కడూ లేడు. ఒకరి చేతిలోంచి పని తీసేస్తే, ఆ పనితో పాటు ఆ చేతికొచ్చే కూడు కూడా పోతుంది. ఎండలో వంగి పని చేసినవాళ్ళు ఎవరిని అడిగినా ఈ ముక్క చెప్తారు. ఏసీ గదిలో అది ఎవరికీ తట్టలేదు. శిరీషకి కూడా తట్టలేదు. ఆమెకి కనబడింది తల్లి మోకాళ్ళు మాత్రమే.

భూలక్ష్మి పనిచేసే ఇంటాయనే అక్కడ ఆ రోబోల్ని అమ్మే డీలరు. అమ్మేవాడి ఇంట్లో అది తిరుగుతూ కనబడాలి. అది తిరగడం లేదు.

"ఏం చేస్తన్నావే అమ్మలూ?" అని అడిగింది భూలక్ష్మి వీడియో కాల్లో.

"నీ తాబేలు పనేనమ్మా."

గుండ్రంగా, మెల్లగా, గోడ తగిలితే తల తిప్పుకుంటూ పోతుందని భూలక్ష్మి దానికి తాబేలని పేరు పెట్టింది.

"దాని మొహం మండా. నొక్కితే మ్యాపంటది. మ్యాపు నొక్కితే ఇంకోటంటది. నిన్న సోఫా కిందకెళ్ళి కూర్చుంది, బతిమాలితే రాదు, కర్రెట్టి లాగేను. మామా నా మీద ఒకటే అరుపు." అక్కడ ఇంటావిడని మామా అనీ, ఇంటాయన్ని బాబా అనీ పిలవాలి. "బాబా ఊరందరికీ అమ్ముతాడంట, సొంతింట్లో తిరగట్లేదని ఆయన బాధ. దాన్ని తిప్పేదాన్ని నేనేనంట. నాకేం తెలుసే?"

"మోకాళ్ళెలా ఉన్నాయి?"

"ఉన్నాయి."

శిరీష ఫోనులో కొత్త స్క్రీన్లు చూపించేది. ఈ పచ్చ బటన్ నొక్కితే మొదలవుద్ది, ఎర్రది నొక్కితే ఆగుద్ది, అర్థమైందా అమ్మా? "ఆయ్," అనేది భూలక్ష్మి. మరి నొక్కు. ఎర్రది నొక్కేది. మళ్ళీ చెప్పేది శిరీష. "ఆయ్," అనేది భూలక్ష్మి. మళ్ళీ ఎర్రదే.

ఇలా కాదని శిరీష బటన్లు తీసేసింది. చదవక్కర్లేదు, నొక్కక్కర్లేదు. మిషనే తెలుగులో అడుగుతుంది, మనిషి నోటితో జవాబు చెప్తే చాలు. శివప్రసాద్ ఎగిరి గంతేసేడు.

"గొంతు మీదే పెట్టండి శిరీష గారూ. మన యాస ఉంది, మర్యాద ఉంది. బయటి నుంచి ఎవర్నో తెచ్చుకోవడం ఎందుకండి?"

తలుపులు మూసిన గదిలో కూర్చుని శిరీష అన్నీ తన గొంతుతో చెప్పింది. "నమస్కారమండి. తుడవడం మొదలెట్టనా అండి?" "నేల తడిగా ఉందండి, ఆరేక వస్తానండి." వేళలూ రోజులూ అడిగే ఆ పెద్ద స్క్రీన్ మొత్తాన్ని ఒక్క ప్రశ్నలోకి కుదించింది. "ఇక నుంచి రోజూ ఇల్లు నేనే తుడవనా అండి?" ఆ ప్రశ్న తయారు చేసిన రోజు ఆమెకి ఎంత గర్వంగా ఉందో చెప్పలేం. జవాబుగా ఏ మాటలు వస్తే ఒప్పుకున్నట్టు లెక్కో కూడా ఆమే రాసింది. అవును. సరే. ఊఁ. ఆయ్.

ఇక్కడే వచ్చింది చిక్కంతా. బయటివాళ్ళు వింటే ఆయ్ అంటే అవుననే అనుకుంటారు. గోదావరి పాయల మధ్య పుట్టినవాళ్ళకి తెలుసు, అది ఒప్పుకోవడం కాదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే, వింటున్నానండీ, చెప్పండీ, అని గౌరవం కొద్దీ అనేది. మెచ్చుకుంటే ఆయ్. తిట్టినా ఆయ్. పొలం లాక్కుంటానని బెదిరించినవాడికి కూడా మా పెద్దలు ఆయ్ అనే జవాబిచ్చేరు, పొలం మాత్రం ఇవ్వలేదు. ఈ సంగతి శిరీషకి తెలుసు. తల్లికి తొందరగా పని తెమలాలని ఆ మాట చేర్చింది.

యాప్ తయారయ్యేక ముందు డీలరు ఇంట్లోనే పెట్టేరు. ఆ పొద్దున్న భూలక్ష్మి బకెట్టుతో నీళ్ళు పట్టుకుని హాల్లోకి వచ్చింది. మూల ఉన్న తాబేలు దీపం వెలిగించి శిరీష గొంతుతో పలకరించింది.

"నమస్కారమండి. ఇక నుంచి రోజూ ఇల్లు నేనే తుడవనా అండి?"

భూలక్ష్మి బకెట్టు కింద పెట్టేసింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. పరాయి దేశంలో, పొద్దున్నే, కన్నకూతురు ఎదురొచ్చి పని అందుకుంటానన్నట్టుంది.

"ఆయ్," అంది.

"మంచిదండి," అంది తాబేలు.

మర్నాడు ఆవిడ లేచేసరికి అది హాలంతా తిరిగేసింది. ఆ తర్వాత రోజూ అంతే. మామా మూడు రోజులు ముచ్చటపడి ఇరుగుపొరుగుని పిలిచి చూపించింది. తర్వాత ఇంట్లోకి ఒకసారి చూసుకుంది. గిన్నెలకి మిషన్ ఉంది. బట్టలకి మిషన్ ఉంది. ఇప్పుడు నేలకీ ఉంది. ఇంక ఈ మనిషెందుకు?

తాబేలు తిరిగిన మొదటి పొద్దున్నే శివకోడులో సత్తిబాబు టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. గుమ్మం దగ్గర గచ్చు నల్లబడలేదు.

"లేవలేదేమో," అన్నాడు.

శిరీష ఫోను చేసింది. పలకలేదు. ఆమె బస్సు వెళ్ళిపోయింది. ఆ రోజుకి ఆఫీసు మానేసింది. నేల పొడిగానే ఉంది, కానీ సత్తిబాబు మధ్యాహ్నం దాకా మంచం మీంచి కాళ్ళు కిందకి దింపలేదు. శిరీష అన్నం కంచం మంచం దగ్గరికే తెచ్చిచ్చింది. మర్నాడూ పొడే. ఆ మర్నాడూ పొడే. దుమ్ము పేరుకుంది, అడుగుజాడలు పడ్డాయి. చీపురు ఉంది, బకెట్టు ఉంది. తుడవడానికి ఇద్దరిలో ఒక్కరికీ చెయ్యి రాలేదు.

అదే వారంలో అమలాపురంలో కేకు కోసేరు. యాప్ పెట్టిన ఇళ్ళన్నిటిలోనూ ఆ చివరి ప్రశ్నకి జవాబు ఒప్పుకున్నట్టే వచ్చిందట. కాదన్నవాళ్ళు లేరట. శివప్రసాద్ మొదటి ముక్క శిరీష నోట్లో పెట్టేడు.

భూలక్ష్మిని ఏజెంటు గదిలో పడేసేరు. గదినిండా ఆడవాళ్ళు, గోడవార పెట్టెలు. ఈ వయసువాళ్ళని ఎవరూ అడగట్లేదనీ, మోకాళ్ళు పని చెయ్యవనీ చెప్పి, చివరికి విమానం ఎక్కించేరు. హైదరాబాదు నుంచి బస్సులో వచ్చి రావులపాలెం సెంటర్లో దిగింది. అరటి గెలల లారీల మధ్య సత్తిబాబు ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు.

"చిక్కిపోయేవే."

"ఆ గదిలో సరిగ్గా పెట్టలేదండి."

"ఏం తప్పు చేసేవని పంపించేసేరు?"

"ఏం చెయ్యలేదండి. రోజూ నేను తుడవనా అని అమ్మలు అడిగింది. ఆయ్ అన్నాను."

సత్తిబాబు పెట్టె భుజానికెత్తుకున్నాడు. ఇంటికొచ్చేక ఆ మాటే మళ్ళీ శిరీష ముందు అంది భూలక్ష్మి, నిష్ఠూరంగా కాదు, మామూలుగా. "గొంతు ఎంత బాగుందే, రేడియోలో అమ్మాయిలా." శిరీష కంచం పక్కకి జరిపింది. తల్లి ఒక దెబ్బ వేసినా బాగుండును. వెయ్యలేదు.

ఆ దెబ్బ వేసే పని ఎదురింటి కృపావతి చేసింది. ఆమె కూడా కువైట్‌లోనే ఇంకో ఇంట్లో ఉండేది. భర్త పోయేడు, కూతురు శారోన్ కాకినాడలో నర్సు చదువుతోంది. ఆ పిల్ల చదువు తల్లి జీతం మీదే నడుస్తోంది. రెండు వారాలు తిరక్కుండా ఆమె పెట్టె కూడా తిరిగొచ్చింది. దిగిన రోజే నేరుగా వీళ్ళ అరుగెక్కింది.

"ఏమ్మా శిరీషా! ఎంత తియ్యగా అడిగేవమ్మా. తుడవనా అండీ అని. ఆ పలుకు నాకు తెలిసిన పిల్లదని మురిసిపోయి ఆయ్ అన్నాను. నాలుగు రోజుల్లో బయట నిలబెట్టేరు. భూలక్ష్మక్కా, నీ కూతురికి ముందు నీ కూడు తియ్యడం సరిపోలేదా, నాది కూడా కావలసొచ్చిందా?"

"దానికేం తెలుసు కృపా..."

"దానికి తెలీకపోతే ఎవరికి తెలుస్తదక్కా? ఆయ్ అంటే ఏంటో అరబ్బులకి తెలీదు, సరే. శివకోడు పిల్లకి తెలీదా?"

శిరీష తలుపు చాటున నిలబడి అంతా వింది. మర్నాడు ఆఫీసుకెళ్ళి నేరుగా శివప్రసాద్ గదిలోకి నడిచింది.

"సార్, ఆ మాట తీసేద్దామండి. ఆయ్ అంటే అవును కాదండి."

"మరేంటండి?"

"విన్నానని. మీది కొత్తపేట, మీకు నేను చెప్పాలా? అవును, వద్దు, రెండే మాటలు పెడదాం. వద్దు అనడానికి వాళ్ళకి వీలుండాలి కదండి."

శివప్రసాద్ కుర్చీ వెనక్కి వాలేడు. ఆయనకి కోపం రాలేదు. ఆయనకి ఎప్పుడూ కోపం రాదు.

"తెలుసండి. నాకు మొదటి రోజే తెలుసు. కానీ అది తీసేస్తే ఒప్పుకున్న ఇళ్ళు సగానికి పడిపోతాయండి. మీరు చాలా బాగా చేసేరు శిరీష గారూ. బాగా చేసినదాన్ని కెలక్కండి."

మర్యాదగా మాట్లాడేవాడు మంచివాడే అయి ఉంటాడనుకోవడం మా ప్రాంతానికి ఉన్న జబ్బు. శిరీషకి ఆ రోజు వదిలింది.

ఇంటి దగ్గర భూలక్ష్మికి పొద్దు గడవలేదు. దుమ్ము పట్టిన ఇల్లు చూసి, తిరిగొచ్చిన మూడో రోజునే మొగుణ్ణీ కూతుర్నీ మంచం ఎక్కమంది. బకెట్టులో నీళ్ళు పోసుకుని, గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని తడిగుడ్డ పెట్టింది. ఎన్నో ఏళ్ళుగా తడినే చూసినవాళ్ళు ఆ తడితో పాటు చేతిని కూడా చూసేరు. సత్తిబాబు కళ్ళప్పగించి కూర్చున్నాడు.

ఆ తర్వాత రోజూ పెట్టింది. కువైట్‌లో రోజూ మామా ఇల్లు తడిసింది.

తడి నేల మీద తాబేలు తిరగదు. "నేల తడిగా ఉందండి, ఆరేక వస్తానండి," అని మూల కూర్చుంటుంది. మామా కిటికీలు చూసింది, పైకప్పు చూసింది. కొత్త తాబేల్ని తెప్పించింది. అదీ శిరీష గొంతుతో అదే చెప్పి కూర్చుంది. ఆ చంద్రవంకలు చూడగానే మామా పోల్చుకుంది. ఆ చెయ్యి ఆవిడకి తెలియందా? మొగుడికి చెప్పింది, మొగుడు రోబోల కంపెనీకి చెప్పేడు, వాళ్ళు అమలాపురానికి చెప్పేరు.

"మీ అమ్మగారొచ్చేరటగా?" అన్నాడు శివప్రసాద్. "ఇల్లు ఆవిడే తుడుస్తున్నారా అండి?"

"మా ఇల్లు మేం తుడుచుకోకూడదా సార్?"

"అయ్యో, అదేం మాటండి."

ఆదివారం ఆయనే కారులో శివకోడు వచ్చేడు. చక్రకేళి అరటిపళ్ళు, గెల నుంచి కోసిన అత్తం అలాగే తెచ్చేడు. భూలక్ష్మి కుర్చీ తుడిచి వేసింది. ఆయన కూర్చుని రెండు చేతులూ కలిపేడు.

"అమ్మగారూ, చిన్న మనవండి."

"ఆయ్."

"వచ్చే శుక్రవారం మీ బాబాగారింటికి పెద్ద పెద్ద వ్యాపారస్తులు వస్తున్నారండి. మిషన్ ఎలా తిరుగుతుందో కళ్ళారా చూసి కొంటారండి."

"ఆయ్."

"మీరిక్కడ తడిగుడ్డ పెడితే అక్కడ తడుస్తోందండి. మిషన్ కదలట్లేదండి."

"ఆయ్."

"అంచేత మీరు ఇల్లు తుడవడం మానెయ్యాలండి. మీకూ ఒక మిషన్ ఊరికే ఇచ్చేస్తాం. అదే తుడుస్తుంది. ఈ వయసులో మీకెందుకండి శ్రమ? కాలు మీద కాలేసుకుని కూర్చోండి."

"ఆయ్," అంది భూలక్ష్మి.

శివప్రసాద్ మొహం వెలిగిపోయింది. లేచి, చెప్పులేసుకుంటూ శిరీష వైపు తిరిగేడు. "చూసేరా శిరీష గారూ? పెద్దవాళ్ళకి ఎంత తొందరగా అర్థమవుతుందో!"

"ఆయ్," అంది శిరీష.

కారు మలుపు తిరిగేదాకా చూసి సత్తిబాబు భార్యని అడిగేడు, "మానేస్తావేంటే?"

"వాళ్ళింట్లో తుడవమంటే తుడిచేను. నా ఇంట్లో మానమంటే మానాలా? ఆయన చెప్పింది విన్నానండి. అంతే."

శుక్రవారం ఆవిడ ఒకటికి రెండుసార్లు పెట్టింది. మంచం జరిపించి మరీ పెట్టింది. కువైట్‌లో తెల్లని అంగీలు వేసుకున్న పెద్దమనుషులు హాల్లో వరసగా నిలబడి ఉండగా, తాబేలు దీపం వెలిగించి, "నేల తడిగా ఉందండి, ఆరేక వస్తానండి," అని గోదావరి తెలుగులో చెప్పి పడుకుంది. ఒకాయన జారి పడ్డాడట కూడా. పడనీ.

పనంతా హైదరాబాదు కంపెనీ ఒకదానికి వెళ్ళిపోయింది. శిరీష గొంతు తీసేసి ఇంకెవరిదో పెట్టేరు. శివప్రసాద్ ఆమెని పిలిచి, మంచినీళ్ళిచ్చి, "రేపటి నుంచి రానక్కర్లేదండి," అన్నాడు. ఇప్పుడామె తాటిపాకలో సెల్‌ఫోన్ల కొట్టులో కూర్చుంటోంది. ఫోనుకి అద్దం అతికించే పని.

కథ ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. భూలక్ష్మి గెలిచిందని అందరం సంతోషించేవాళ్ళం. మనలాంటివాళ్ళకి గెలుపు అంత చవగ్గా రాదు.

గొంతు మార్చినా తాబేలు గుణం మారలేదు. తడి కనబడితే ఆగిపోతుంది. దాన్ని అమ్ముకు బతికే ఇల్లు కాబట్టి మూల పడెయ్యడానికి లేదు. మామా మొగుడు ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టేడు. భూలక్ష్మి తడిని పొడిగుడ్డతో ఒత్తి ఆరబెట్టడానికి ఒక మనిషిని పెట్టుకోవాలి. ఆరేక తాబేలు తిరుగుతుంది. మనిషి కోసం ఏజెంటుకి కబురు పెట్టేరు. ఏజెంటు ఎదురింటి కృపావతికి ఫోను చేసేడు.

ప్రయాణం రోజు కృపావతి మళ్ళీ అరుగెక్కింది. ఈసారి అరవలేదు.

"అక్కా, ఆ తడుంటేనే నేనక్కడ ఉంటాను. శారోన్‌కి ఇంకా చదువుంది. నువ్వు మాత్రం మానకక్కా."

"ఆయ్."

"ఆయ్ కాదు. నీ ఆయ్ సంగతి నాకు తెలీదా? మాటియ్యి."

భూలక్ష్మి ఆమె వంక చూసింది. జీవితంలో మొదటిసారి ఆవిడ దగ్గర ఎవరో ఆ మాట ఒప్పుకోకుండా నిలబడ్డారు.

"పెడతానులే. రోజూ పెడతాను. వెళ్ళిరా," అంది.

అప్పట్నుంచి పెడుతూనే ఉంది. సొంతిల్లే, చిన్నదే, కానీ ఇప్పుడు మానే వీల్లేదు. అక్కడ జీతం ఇచ్చి చేయించుకున్నన్నాళ్ళూ ఎప్పుడైనా ఒక పూట సెలవుండేది. ఇక్కడ అదీ లేదు. చుట్టాలింటికెళ్ళినా పొద్దున్నకి శివకోడు చేరాలి. తమ్ముడి కూతురి పెళ్ళికి కాట్రేనికోన వెళ్ళి, తలంబ్రాలు చూడకుండానే తిరిగొచ్చేసింది. గొంతుక్కూర్చుంటే మోకాళ్ళు పటపటమంటాయి. లేవడానికి సత్తిబాబు చెయ్యందించాలి.

ముసురు పట్టిన ఒక వారంలో ఆవిడకి జ్వరం తగిలింది. పొద్దున్న ఒళ్ళు పేలిపోతోంది, కళ్ళు తెరవట్లేదు. శిరీష మాత్ర వేసి దుప్పటి కప్పింది. తొమ్మిది దాటింది. ఫోను మోగింది.

"అక్కా..." కృపావతి గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "ఇవాళ రాలేదక్కా. నేల పొడిగా ఉంది. మామా గుమ్మంలో నిలబడి చూస్తోంది."

"అమ్మకి జ్వరం పిన్నీ," అంది శిరీష. "నువ్వే కాస్త నీళ్ళు పొయ్యి, ఈ ఒక్క రోజుకి."

"హాల్లో కెమెరా ఉందమ్మా. నేను పోస్తే కనబడదా?"

శిరీష ఫోను స్పీకర్‌లో పెట్టి, బకెట్టు తెచ్చి, గుమ్మం దగ్గర కూర్చుంది. తల్లిలాగే గుడ్డ పిండింది. తల్లిలాగే చంద్రవంకలు తిప్పింది. గది సగం తుడిచింది.

"వచ్చిందా పిన్నీ?"

"రాలేదమ్మా. నీ చెయ్యి రాదు. మనిషి అవసరం లేదేమో, ఏజెంటుకి ఫోను చెయ్యమని మామా అంటోంది. ఇప్పుడే అంటోంది. బావగారిని పిలువమ్మా, అక్కని లేపమను."

మంచం మీద భూలక్ష్మి దుప్పటి తోసేసింది.

శిరీష తండ్రి వైపు చూసింది. సత్తిబాబు కూతురి వైపు చూడలేదు. మంచం దగ్గరికెళ్ళి ఒక రెక్క పట్టుకున్నాడు. రెండో రెక్క శిరీష పట్టుకుంది. కాలిపోతున్న ఆ మనిషిని ఇద్దరూ కలిసి మెల్లగా గుమ్మం దాకా నడిపించి, కింద కూర్చోబెట్టేరు. శిరీష బకెట్టు దగ్గరికి జరిపి, గుడ్డ పిండి తల్లి చేతిలో పెట్టింది. భూలక్ష్మి చెయ్యి ఒక చుట్టు తిరిగింది.

"ఆఁ, గుమ్మం దగ్గర మొదలైందక్కా," అంది ఫోనులో కృపావతి. "ఇంకొంచెం. ఇంకొంచెం అక్కా."